దయ్యాల ఊళ్ళో మనుషుల కథ

పత్రిక ఇంటికి రాగానే సంపాదకీయం ముందు చదివేవాళ్ళు ఎందరుంటారో చెప్పలేను గాని, ఏ మూలనో పెట్టె కట్టి వేసిన వింతవార్తను వదిలిపెట్టేవాళ్ళు మాత్రం ఉండరు. పాడె మీది శవం లేచి కూర్చుందట, పాడుబడ్డ బంగళాలో రాత్రిపూట గాజుల చప్పుడు వినబడిందట, దొంగతనానికి వచ్చినవాడు ఆ ఇంట్లోనే గుర్రుపెట్టి నిద్రపోయి దొరికిపోయాడట! చదివి కాస్సేపు భయపడతాం, కాస్సేపు నవ్వుకుంటాం, వంటింట్లో ఉన్నవాళ్ళను కేకేసి మరీ వినిపిస్తాం. కొంచెం దయ్యం, కొంచెం నేరం, కొంచెం హాస్యం. ఈ మూడూ పాళ్ళు కుదిరాయంటే ఆ వార్తకు వందేళ్ళైనా చావు లేదు.

ఈ మూడింటినీ చక్కగా రంగరించి, దాని మీదనే పేరూ డబ్బూ సంపాదించుకుంటున్న నగరం ఒకటి ఉంది. అది స్కాట్లండు ముఖ్యపట్టణం, ఎడింబరో.

మా అక్కయ్య కొడుకు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. "మామయ్యా, అత్తయ్యను తీసుకొని వేసవి సెలవుల్లో ఒక్కసారి రండి. మీ పాత పుస్తకాలకంటె పాతవి ఇక్కడ వీధుల్లోనే ఉన్నాయి" అని రెండేళ్ళుగా పోరుతున్నాడు. మొన్నటి వేసవిలో ఆ ముచ్చట తీరింది.

ఎడింబరో పాతపట్నం ఎట్లా ఉంటుందంటే, తోక చాచుకొని పడుకున్న ఒక పెద్ద మొసలిని ఊహించుకోండి. తల ఉన్నచోట, ఎన్నడో చల్లారిపోయిన అగ్నిపర్వతపు బండ మీద, కోట. తోక చివర హోలీరూడ్ రాజభవనం. నడుమ వెన్నెముక లాగా దిగివచ్చే రాచవీధిని "రాయల్ మైల్" అంటారు. ఆ వెన్నెముకకు రెండు వైపులా పక్కటెముకల్లాగా సన్నని సందులు. వీటికి "క్లోజ్" అని పేరు. కొన్ని సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి. పూర్వం ప్రహరీ దాటి ఊరు పెరగడానికి వీలులేక ఇళ్ళు ఆకాశంలోకి పెరిగాయి. ఒకే మెట్లదారిన జమీందారూ, చాకలీ, వకీలూ, చేపలమ్మీ ఎక్కి దిగేవారట. సముద్రం నుంచి మంచు లేచి ఆ సందుల్లోకి దూరినప్పుడు పట్టపగలే దీపం వెలిగించుకోవాలనిపిస్తుంది. దయ్యాలకు ఇంతకంటె అనువైన ఊరు ఎవరు కట్టగలరు!

సాయంకాలమయ్యేసరికి రాచవీధిలో నల్లకోట్లు తొడుక్కున్న మనుషులు చేతికర్రలతో నిలబడి కేకలు వేస్తుంటారు. మన బస్టాండ్లలో సోడాలు అమ్మేవాళ్ళ మాదిరే. వీళ్ళు అమ్మేది మాత్రం దయ్యాలను. టిక్కెట్టు కొనుక్కుంటే రాత్రి రెండు గంటలసేపు శ్మశానాలూ, నేలమాళిగలూ తిప్పి, ఎక్కడ ఎవరు ఎవర్ని చంపారో, చచ్చినవాడు ఇప్పుడు ఎవరిని గిల్లుతున్నాడో వివరంగా చెబుతారు. మా మేనల్లుడు మూడు టిక్కెట్లు తీసుకున్నాడు. మా ఆవిడ మాత్రం, "డబ్బిచ్చి భయపడటమేమిటి, మనింటి పన్ను నోటీసు చదువుకుంటే సరిపోదూ" అంటూనే చలికోటు వేసుకొని ముందు నడిచింది.

మొదట గ్రాస్‌మార్కెట్టు. కోటగుట్ట కింద విశాలమైన అంగడివీధి. ఒకప్పుడు పశువుల సంతా ఇక్కడే, ఉరికంబమూ ఇక్కడే. 1724లో మాగీ డిక్సన్ అనే చేపలమ్మే స్త్రీని ఇక్కడ ఉరితీశారు. కడుపుతో ఉన్న సంగతి దాచిందని, పుట్టిన బిడ్డ చనిపోయిందని నేరం. ఉరి అయింది, వైద్యుడు చూశాడు, బంధువులు పెట్టెలో పెట్టి ఆమె సొంత ఊరికి బండి కట్టారు. దారిలో పెట్టెలోంచి చప్పుడు! మూత తీస్తే మాగీ బ్రతికే ఉంది. వేసిన శిక్ష ఎట్లాగూ అమలు జరిగింది గదా అని ఆమెను మళ్ళీ ఉరితీయలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు "సగం ఉరిపడ్డ మాగీ" అన్న పేరుతో సుఖంగా బ్రతికింది. ఇప్పుడు అదే వీధిలో ఆమె పేరుతో ఒక పానశాల ఉంది. జనం ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. అయితే ఉరికంబం దాకా ఆమెను తీసుకువచ్చిన చట్టం సంగతి మా గైడు ఒక్క ముక్కలో దాటేశాడు. నవ్వు వచ్చేచోట నిలబడటం, ఏడుపు వచ్చేచోట అడుగు వేగం చేయడం, ఇది అతని వృత్తిధర్మం కాబోలు అనుకున్నాను.

అక్కడినుంచి గుట్టెక్కితే గ్రేఫ్రయర్స్ శ్మశానం. ద్వారానికి ఎదురుగా వీధిమొగలో ఒక చిన్న కుక్క విగ్రహం ఉంది. దాని పేరు బాబీ. యజమాని పోయాక 14 ఏళ్ళపాటు అతని సమాధి దగ్గరే కాపలా కూర్చుని 1872లో ప్రాణం విడిచిందని కథ. వచ్చినవాళ్ళందరూ అదృష్టం కోసం దాని ముక్కు నిమురుతారు. నిమిరి నిమిరి ముక్కు బంగారంలా మెరుస్తోంది. ఆ యజమాని పేరు జాన్ గ్రే. ఈ "గ్రే" అన్న ఇంటిపేరు కాస్త గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని ఉంది.

ఈ శ్మశానంలో మన తెలుగుదేశానికి సంబంధించినవాడు కూడా ఒకడు నిద్రపోతున్నాడు. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి, మన అడవులూ తోటలూ గాలించి, కోరమాండలు తీరపు మొక్కల మీద బొమ్మలతో గొప్ప గ్రంథం వెలువరించిన విలియం రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయనను ఇక్కడే పాతిపెట్టారు. మన చెట్ల పేర్లు మన నోట విని రాసుకున్న మనిషి ఈ చలిమట్టిలో ఉన్నాడని చెబితే మా ఆవిడ చేతులు జోడించింది. గైడుకు ఆయన సంగతి అక్కరలేదు. ఆయన ఎవరినీ చంపలేదు, దయ్యమూ కాలేదు.

గైడు మమ్మల్ని నడిపించుకొని పోయింది మెకంజీ సమాధికి. మెకంజీ అనగానే తెలుగు పంతులుగా నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. కైఫీయత్తులు సేకరించి మన ఊళ్ళ చరిత్రలు నిలబెట్టిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లండువాడే, వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టినవాడు. ఇతను ఆయన కాదు. ఇతను సర్ జార్జి మెకంజీ, 17వ శతాబ్దపు ప్రభుత్వ న్యాయవాది. మతవిషయంలో రాజు మాట వినని కవెనంటర్లను వెంటాడి శిక్షలు వేయించి "రక్తపు మెకంజీ" అని పేరు తెచ్చుకున్నాడు. 1679లో యుద్ధంలో ఓడిన కవెనంటర్లను సుమారు 1,200 మందిని తెచ్చి ఈ శ్మశానం పక్కనే ఆరుబయట బందీలుగా ఉంచారు. 1691లో మెకంజీ పోతే, ఆ చోటికి కూతవేటు దూరంలోనే గుమ్మటం కట్టి పాతిపెట్టారు.

అక్కడినుంచి మూడువందల ఏళ్ళు ఆయన బుద్ధిగానే పడుకున్నాడు. 1998లో ఒక చలిరాత్రి, తలదాచుకోను చోటులేని ఒక బికారి ఆ గుమ్మటంలో దూరాడనీ, కాలికింద నేల కుంగి ఎముకల గోతిలో పడి కేకలు పెడుతూ పారిపోయాడనీ చెబుతారు. అప్పటినుంచి దొరగారికి మెలకువ వచ్చిందట. చూడవచ్చిన వాళ్ళకు గీరుకుపోవడాలూ, కమిలిన మచ్చలూ, స్పృహ తప్పడాలూ మొదలయ్యాయి. నగరపాలక సంస్థ బందిఖానా భాగానికి తాళం వేసింది. తాళం వేసిన చోటికి జనం ఇంకా ఎగబడతారు గదా! ఇప్పుడు గైడు వెంట టిక్కెట్టుతో వెళ్ళేవాళ్ళకు ఆ తాళం తీస్తారు. 2003లో ఇద్దరు కుర్రాళ్ళు గుమ్మటంలోకి చొరబడి ఒక శవం తల తీసి, దానితో తోలుబొమ్మలాట ఆడారని పత్రికలు రాశాయి. మరుసటి ఏడు కోర్టులో "సమాధి అపచారం" అనే పురాతన నేరం కింద వాళ్ళ తప్పు రుజువైంది. జైలు మాత్రం తప్పింది.

ఆ మెకంజీయే న్యాయశాస్త్రం రాస్తూ, మంత్రగత్తెలన్న నెపంతో దిక్కులేని ఆడవాళ్ళను చిత్రహింస పెట్టి ఒప్పించే పద్ధతిని తప్పుపట్టాడు. దయ్యాలకూ చేతబడులకూ అంత తేలికగా లొంగని మనిషిని పట్టుకొని చివరకు దయ్యాన్ని చేసి కూర్చోబెట్టారు. చీకటి గదిలో మేమందరం నిలబడి ఉండగా ఎవరో కెవ్వుమన్నారు. వెంటనే పదిమంది కెవ్వుమన్నారు. బయటికి వచ్చాక మా ఆవిడను "నీకేమైనా తగిలిందా?" అని అడిగాను. "తగిలింది. ఎవరిదో మోచెయ్యి. వెంటనే క్షమించమన్నాడు. మర్యాద తెలిసిన దయ్యమే" అంది.

తిరిగి వస్తుంటే నేలమీద రెండుచోట్ల సమాధులకు ఇనుప పంజరాలు బిగించి ఉండటం చూశాం. మందపాటి చువ్వలు, మధ్య చెయ్యి కూడా దూరదు. "లోపలి దయ్యం బయటికి రాకుండానా?" అని ఒక అమ్మాయి అడిగింది. "కాదు, బయటి మనిషి లోపలికి పోకుండా" అన్నాడు గైడు.

ఆ రాత్రి విన్న మాటలన్నిటిలో నా మనస్సులో నాటుకున్నది అదొక్కటే. మిగిలిన నాలుగు రోజులూ నేను దాని వెంటపడి తిరిగాను.

సంగతి ఏమిటంటే, రెండువందల ఏళ్ళ క్రిందట వైద్యవిద్యకు ఎడింబరో పెట్టిందిపేరు. దూరదేశాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. శరీరం కోసి చూడనిదే శస్త్రవైద్యం రాదు. కోయడానికి శవాలు కావాలి. చట్టప్రకారం దొరికేవి చాలావరకు ఉరిపడ్డ హంతకుల శవాలు. ఏడాదికి ఎందరు ఉరిపడతారు? వందలమంది విద్యార్థులకు అవి ఏ మూలకు? అందుకని రాత్రిపూట కొత్త సమాధులు తవ్వి శవాలు ఎత్తుకొచ్చేవాళ్ళు బయలుదేరారు. వీళ్ళకు జనం "పునరుత్థానపు మనుషులు" అని పేరు పెట్టారు. చచ్చినవాణ్ణి లేపేది దేవుడొక్కడే అనుకుంటే, వీళ్ళు పారతో లేపారు మరి! ఉన్నవాళ్ళు తమవాళ్ళ సమాధికి ఇనుప పంజరం బిగించుకున్నారు. శవం కుళ్ళి ఎవరికీ పనికిరాకుండా పోయేదాకా అది ఉండేది. సెయింట్ కత్బర్ట్ శ్మశానంలో కాపలావాళ్ళ కోసం 1827లో కట్టిన బురుజు ఇప్పటికీ ఉంది. లేనివాళ్ళు ఏం చేస్తారు? సమాధి దగ్గర వంతులవారీగా రాత్రుళ్ళు కూర్చున్నారు. అదీ చేతకానివాళ్ళు దేవుడిమీద భారం వేశారు.

ఇట్లాంటి రోజుల్లో, గ్రాస్‌మార్కెట్టు పడమటి కొసన వెస్టుపోర్టు అనే పేదపేటలో, టానర్స్ క్లోజ్ అనే సందులో, ఒక పూటకూళ్ళ బస ఉండేది. నడిపేవాళ్ళు హేర్ అనేవాడూ అతని భార్యా. వాళ్ళతో కలిసినవాడు బర్క్. ఇద్దరూ ఐర్లండు నుంచి కూలికి వచ్చినవాళ్ళే. బర్క్ కాలువ తవ్వకంలో పనిచేసి, తర్వాత చెప్పులు కుట్టుకునేవాడు. 1827 నవంబరులో ఆ బసలో పింఛనుదారైన ఒక ముసలి సిపాయి జబ్బుచేసి చనిపోయాడు. హేర్‌కు 4 పౌన్లు అద్దె బాకీ. బాకీ ఎట్లా రాబట్టుకోవాలా అని ఇద్దరూ ఆలోచించి, శవపేటికలో తోళ్ళు ఊనే చెట్టుబెరడు నింపి పాతిపెట్టించి, శవాన్ని డాక్టర్ నాక్స్ శరీరశాస్త్ర పాఠశాలకు చేర్చారు. అక్కడ 7 పౌన్ల 10 షిల్లింగులు ముట్టాయి. శవం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మళ్ళీ ఏమైనా ఉంటే తీసుకురమ్మన్నారు.

శవం మీద పేలాలు ఏరుకోవడం అని మనకొక మాట ఉంది. తిట్టుగా వాడతాం. వీళ్ళ విషయంలో అది తిట్టు కాదు, లెక్కపద్దు. మనిషి చచ్చేదాకా కాచుకోవడం ఎందుకనుకున్నారు. తర్వాత పది పన్నెండు నెలల్లో 16 మందిని చంపి అమ్మారు. తాగబోయించి, ఒంటిమీద గాయం లేకుండా ఊపిరి ఆడకుండా చేయడం వాళ్ళ పద్ధతి. చలికాలంలో శవానికి 10 పౌన్లు, వేసవిలో 8. కూరగాయల మాదిరి శవానికీ ఋతువును బట్టి ధర! చాలామంది ఈ ఇద్దరినీ సమాధుల దొంగలని చెప్పుకుంటారు. వాళ్ళు ఒక్క సమాధినీ తవ్వలేదు. తవ్వడంలో కష్టముంది, కాపలా ఉంది, పట్టుబడే భయముంది. దిక్కులేని మనిషికి కాపలా ఎవరు?

చచ్చినవాళ్ళెవరో చూడండి. ఉప్పు అమ్ముకొనే ముసలమ్మ. చెత్త ఏరుకొనే స్త్రీ. ఒక అవ్వా, ఆమె మనుమడూ. మేరీ పేటర్సన్ అనే పడుచు. ఆమె శవాన్ని గుర్తుపట్టిన విద్యార్థి ఉన్నాడు. తాగి చచ్చిందని చెబితే నోరు మూసుకున్నాడు. జేమీ అనే 18 ఏళ్ళ కుర్రవాడు, మందబుద్ధి, కాళ్ళు వంకర, పేటలో అందరికీ ఇష్టుడు. అతణ్ణీ విద్యార్థులు గుర్తుపట్టారు. డాక్టరు కాదన్నాడు, కోత మాత్రం ఆ శవంతో తొందరగా మొదలుపెట్టాడు.

చివరి మనిషి డోచర్టీ అనే ఐరిష్ స్త్రీ. కొడుకును వెదుక్కుంటూ ఊరుగాని ఊరికి వచ్చింది. 1828 అక్టోబరు 31న అంగట్లో బర్క్ కంటబడింది. "మీ ఇంటిపేరేమిటి? డోచర్టీయా! మా అమ్మ పుట్టింటివాళ్ళూ డోచర్టీలే" అన్నట్టు చుట్టరికం కలిపి ఇంటికి భోజనానికి తీసుకుపోయాడు. పరాయి దేశంలో సొంత ఇంటిపేరు వినబడితే మనిషి ఎట్లా కరిగిపోతాడో మనకు తెలియనిదా? ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మెకంజీ చీకటిగదిలో జలదరించలేదు. అది అక్కడివాళ్ళు దయ్యాల పండుగ చేసుకునే రాత్రి. వీధుల్లో పిల్లలు ఉత్తుత్తి దయ్యాలకు భయపడుతూ ఆడుకుంటున్న వేళ, ఆ ఇంట్లో ఈ పని జరిగింది.

ఇక్కడ వస్తారు గ్రే దంపతులు. జేమ్స్ గ్రే, ఆన్ గ్రే. పనిలేక, బిడ్డతో బర్క్ ఇంట్లోనే తలదాచుకుంటున్నవాళ్ళు. ఆ రాత్రికి వాళ్ళను వేరేచోట పడుకోమని పంపేశారు. తెల్లవారి వచ్చి, నిన్నటి ముసలామె ఏదీ అని అడిగారు. వెళ్ళిపోయిందన్నారు. మంచం పక్కనున్న గడ్డి దగ్గరకు ఆన్ వెళ్ళబోతే బర్క్ కసిరాడు. సాయంకాలం ఇంట్లో ఎవరూ లేనప్పుడు భార్యాభర్తలు ఆ గడ్డి తొలగించి చూశారు. డోచర్టీ అక్కడే ఉంది.

మూటాముల్లె సర్దుకొని బయటపడుతుంటే బర్క్‌తో కాపురముంటున్న హెలెన్ ఎదురైంది. కాళ్ళావేళ్ళా పడింది. నోరుమూసుకుంటే వారానికి 10 పౌన్లు వస్తాయంది. ఆ రోజుల్లో కూలివాడు నెలల తరబడి వెన్ను విరుచుకుంటే గాని 10 పౌన్లు కళ్ళజూడడు. వీళ్ళకు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియదు. అయినా చచ్చినవాళ్ళ మీద వచ్చే డబ్బు మాకు వద్దన్నారు. జేమ్స్ గ్రే నేరుగా పోలీసులకు చెప్పాడు. మరునాడు నాక్స్ పాఠశాలలో టీపెట్టెలో శవం దొరికింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఊపిరాడక చచ్చిన శవం మీద గాయాలుండవు గనక హత్య అని వైద్యులు గట్టిగా చెప్పలేకపోయారు. హేర్‌కు క్షమాభిక్ష పెట్టి బర్క్ మీద సాక్ష్యం చెప్పించారు. డిసెంబరు 24న మొదలైన విచారణ క్రిస్మసు ఉదయం ముగిసింది. హెలెన్ విషయంలో నేరం "రుజువు కాలేదు" అన్నారు. 1829 జనవరి 28న వానలో, సుమారు 25,000 మంది చూస్తుండగా బర్క్‌ను ఉరితీశారు. ఆ వీధి మేడల కిటికీలు 5 షిల్లింగుల నుంచి 20 షిల్లింగుల దాకా అద్దెకు పోయాయి. హంతకుడి శవాన్ని కోయాలన్న చట్టం ఉంది గనక బర్క్‌ను కూడా వైద్యవిద్యార్థుల ముందు కోశారు. టిక్కెట్లు దొరకని విద్యార్థులు అల్లరి చేస్తే, తర్వాత యాభైమంది చొప్పున లోపలికి వదిలారు. హేర్ విడుదలై ఎటో పోయాడు. నాక్స్‌ను కోర్టు ముట్టుకోలేదు. పేటజనం ఆయన బొమ్మను తగలబెట్టి ఊరుకున్నారు. తర్వాత ఆయన లండను చేరి, మనుషుల్లో ఏ జాతి ఎక్కువ, ఏ జాతి తక్కువ అన్న సంగతి మీద పుస్తకం రాశాడు. తన బల్లమీద పడుకున్నవాళ్ళందరూ లోపల ఒక్క తీరుగానే ఉన్నారని ఆయనకు తెలియదనుకోవాలా?

మా మేనల్లుడు నన్ను సర్జన్స్ హాల్ మ్యూజియానికి తీసుకువెళ్ళాడు. అక్కడ గాజుపెట్టెలో గోధుమరంగు జేబుపుస్తకం ఒకటి ఉంది. చూడటానికి మన కరణాల దగ్గర ఉండే తోలు అట్ట పుస్తకంలాగే ఉంటుంది. అది బర్క్ చర్మంతో చేసినది. అస్థిపంజరం విశ్వవిద్యాలయం వారి శరీరశాస్త్ర మ్యూజియంలో ఉంది. అతని రక్తంలో కలం ముంచి రాసిన చీటీ కూడా ఉంది. నా వెనుక నిలబడ్డ ఒక పెద్దమనిషి, "శవాలమ్మినవాడు చివరకు తానే సరుకైపోయాడు" అని నవ్వాడు. న్యాయమే. కాని ఆ పదహారుగురిలో ఒక్కరి గుర్తుగానైనా ఏమైనా ఉందేమోనని గది అంతా వెదికాను. నాకు కనబడలేదు. చంపినవాడి ఎముకలు, చర్మం, రక్తం, ముఖపు అచ్చు భద్రంగా ఉన్నాయి. చచ్చినవాళ్ళు కోతబల్ల మీదనే అయిపోయారు.

1832లో పార్లమెంటు శరీరశాస్త్ర చట్టం చేసింది. ఎవరూ వచ్చి అడగని శవాలను, అంటే పేదల ఆశ్రమాల్లో, ఆస్పత్రుల్లో చచ్చినవాళ్ళను, వైద్యకళాశాలలకు ఇవ్వవచ్చునన్నారు. హత్యల బేరం పడిపోయింది. మంచిదే. కాని ఆలోచించండి, భయం ఎక్కడికి పోయింది? సమాధుల దగ్గర నుంచి లేచి పేదల ఆశ్రమం గుమ్మంలో కూర్చుంది. అంతకుముందు కోతబల్ల హంతకుడికి శిక్ష. ఇప్పుడది అడిగే దిక్కులేకపోవడానికి శిక్ష అయింది. మన దేశంలో రాష్ట్రాలు చేసుకున్న అనాటమీ చట్టాలు కూడా ఈ దారినే నడిచాయి. ఈనాడు ఎడింబరోలోనూ, మన ఊళ్ళలోనూ తామై దేహదానం రాసి ఇచ్చే పెద్దలున్నారు. ఇవ్వడానికీ తీసుకోవడానికీ ఉన్న తేడా ఎంతో, వెస్టుపోర్టు కథ తెలిసినవాడికి బాగా అర్థమవుతుంది.

చివరిరోజు చేంబర్స్ వీధిలోని జాతీయ మ్యూజియంలో ఒక చిన్న అద్దాలబీరువా ముందు నిలబడ్డాను. అందులో ఎనిమిది బుల్లి శవపేటికలు. ఒక్కొక్కటి నాలుగు అంగుళాలుంటుంది. వాటిలో గుడ్డలు తొడిగిన చెక్కబొమ్మలు, కళ్ళు తెరుచుకొని పడుకొని ఉన్నాయి. 1836లో ఊరి పక్కనున్న ఆర్థర్స్ సీట్ కొండమీద కుందేళ్ళ వేటకు పోయిన పిల్లలకు ఒక బండసందులో ఇవి దొరికాయి. అప్పుడు 17 ఉన్నాయి. పిల్లలు ఒకరిమీద ఒకరు విసురుకొని ఆడుకోగా కొన్ని పాడైపోయాయి. మంత్రగత్తెల పని అని అప్పటి పత్రికలు రాశాయి. ఇంతకంటె మంచి వింతవార్త ఏముంటుంది! బట్టల దారం చూసి ఇవి 1830 ప్రాంతానివని తర్వాత పరిశోధకులు తేల్చారు. అప్పుడొక ఊహ పుట్టింది. చంపబడినవాళ్ళు 16 మంది, అంతకు ముందు అమ్ముడైన ముసలి సిపాయి ఒకడు, వెరసి 17. సమాధి కూడా దక్కని ఆ పదిహేడుగురికీ ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇట్లా చాటుగా ఉత్తరక్రియ జరిపించి ఉంటాడా అని.

రుజువు లేదు. పైగా చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, బొమ్మలన్నీ మగదుస్తుల్లో ఉన్నాయి. తెలుగు పంతులునైనా తర్కం ఒదులుకోలేను గనక ఆ ఊహ నిజమని చెప్పను. కాని ఆ ఊహ ఎందుకు పుట్టిందో మాత్రం నాకు తెలుసు. మన కథల్లో అన్యాయంగా చచ్చినవాళ్ళు దయ్యాలై వచ్చి న్యాయం అడుగుతారు. ఎడింబరోలో నేను నడిచిన రాత్రి గైడు చెప్పిన దయ్యాల్లో దొరలున్నారు, న్యాయాధికారులున్నారు. ఉప్పు అమ్ముకొనే ముసలమ్మ లేదు, జేమీ లేడు, కొడుకును వెదుక్కుంటూ వచ్చిన తల్లి లేదు. దయ్యమై తిరగడానికి కూడా సొంత సమాధి ఒకటి ఉండాలి కాబోలు. వాళ్ళు రారు గనక వాళ్ళ తరఫున ఎవరో ఒకరు ఏదో చేసి ఉంటారని నమ్మాలని మనిషికి ఆశ.

ఎవరో చేశారు కూడా. అందుకు ఊహలక్కరలేదు, కోర్టు కాగితాల్లోనే ఉంది. "నిన్నటి ముసలామె ఏదీ?" అని అడిగారు గ్రే దంపతులు. పది నెలలుగా ఆ ప్రశ్న మీద మరెవరూ పట్టుబట్టి నిలబడలేదు. చదువుకున్న విద్యార్థులు ముఖం గుర్తుపట్టి ఊరుకున్నారు, డాక్టరు ధర కట్టి ఊరుకున్నాడు. ఇల్లూ వాకిలీ లేని ఇద్దరు ఆ ప్రశ్న అడిగారు, జవాబు గడ్డికింద దొరికితే దాన్ని అమ్ముకోలేదు.

ఒక గ్రే గారి కుక్కకు ఆ ఊళ్ళో విగ్రహముంది. ఈ గ్రే దంపతులకు నేను తిరిగినంత మేర ఒక రాతిపలకైనా కనబడలేదు. టానర్స్ క్లోజ్ కూడా ఇప్పుడు లేదు, ఎప్పుడో పడగొట్టారు. వెస్టుపోర్టులో బస్సులు తిరుగుతున్నాయి, విద్యార్థులు పుస్తకాలు పట్టుకొని పోతున్నారు. మన పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ దేశాలకు చదువులకు వెళుతున్నారు, వాళ్ళను చూడటానికి పెద్దలూ వెళుతున్నారు. ఎడింబరో వెళితే కోట చూడండి, కుక్క ముక్కూ నిమరండి, సరదాపడితే మెకంజీగారి చేత గిల్లించుకోండి. ఆ తర్వాత గ్రాస్‌మార్కెట్టు దాటి నాలుగడుగులు పడమటికి నడిచి, పది పౌన్లు వద్దన్న ఆ ఆలుమగలను ఒకసారి తలుచుకోండి. దానికి టిక్కెట్టు లేదు.